రోల్ నంబర్ల వరసలో బ్యాచులు వేయకండి: వైద్య కళాశాలల పెద్దలకు ఒక హౌస్ సర్జన్ బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలల ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు, కరికులమ్ కమిటీ సభ్యులకు, మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్లలో పనిచేస్తున్న అధ్యాపకులకు నమస్కారం.

నేను తెలంగాణలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో హౌస్ సర్జన్సీ, అంటే ఎంబీబీఎస్ పరీక్షలయ్యాక ఆస్పత్రిలో చేసే శిక్షణ, చేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. మాకు చదువు చెప్పిన సార్లు, మేడమ్‌ల మీద నాకు గౌరవం ఉంది. నా ఫిర్యాదు బ్యాచులు వేసే పద్ధతి మీద.

శవాన్ని కోసి శరీర నిర్మాణం నేర్చుకునే డిసెక్షన్ హాల్లో, ప్రాక్టికల్స్‌లో, వార్డు పోస్టింగుల్లో మమ్మల్ని రోల్ నంబర్ల వరసలో విడగొట్టి బ్యాచులు వేశారు. ఫస్టియర్ మొదటి వారంలో ఎవరు ఏ బ్యాచ్‌లో పడ్డారో ఫైనలియర్ అయ్యేదాకా అందులోనే ఉన్నారు. దీన్ని మార్చమని రెండుసార్లు రాసిచ్చాం. మొదటి కాగితానికి జవాబు రాలేదు. రెండోదాని మీద మా ఇయర్ మొత్తంలో సగం మందికి పైగా సంతకాలు పెట్టాం. "అటెండెన్స్‌కి రోల్ నంబర్లయితేనే వీలు" అని నోటిమాటగా చెప్పి పంపేశారు. నా చదువు అయిపోవచ్చింది కాబట్టి ఇప్పుడు మార్చినా నాకు ఒరిగేదేమీ లేదు. రాబోయే పిల్లల కోసం, వాళ్ల చేతిలో పడబోయే రోగుల కోసం ఇలా అందరి ముందు రాస్తున్నాను.

ముందు లెక్క చెప్తాను. మాది 150 సీట్ల కాలేజీ. ప్రభుత్వ కాలేజీ సీట్లలో 15 శాతం ఆలిండియా కోటా (ఏ రాష్ట్రం పిల్లలైనా పోటీపడే సీట్లు), అంటే 22 లేదా 23 మంది. ఆలిండియా మొదటి రౌండు కౌన్సెలింగ్ ముందు జరిగింది కాబట్టి వాళ్లే ముందొచ్చి చేరారు. మా దగ్గర చేరిన వరసలోనే నంబర్లు ఇచ్చారు. 25 మందికొకటి చొప్పున ఆరు బ్యాచులు చేస్తే 'ఏ' బ్యాచ్ ఇద్దరు ముగ్గురు తప్ప మొత్తం రాజస్థాన్, కేరళ, హర్యానా, యూపీ పిల్లలతో నిండిపోయింది. రాష్ట్ర కోటాలో మంచి ర్యాంకులు వచ్చినవాళ్లు తర్వాతి బ్యాచుల్లో పడ్డారు. ఆఖరి రౌండ్లలో సీటొచ్చిన మేం 'ఎఫ్'. మాలో ఎక్కువమంది గురుకులాల్లో, సర్కారు బళ్లలో చదివొచ్చినవాళ్లం. మా ఇళ్లలో డాక్టరు చదువు సంగతి అటుంచి, డిగ్రీ దాకా వెళ్లినవాళ్లే తక్కువ. నెల తిరక్కుండానే హాస్టల్లో మాకు 'కోటా బ్యాచ్', అంటే రిజర్వేషన్ వాళ్ల బ్యాచ్, అని పేరు పడింది. నోటీసు బోర్డు మీద జాబితా చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితిని చూడమని 2006లో కేంద్రం ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో వచ్చిన ఆ నివేదికలో, ఆ పిల్లలు హాస్టళ్లలో కూడా మిగతావాళ్లకు దూరంగా ఒకచోట చేరిపోవాల్సి వచ్చిన సంగతి ఉంది. మా దగ్గర మమ్మల్ని ఎవరూ తరమలేదు. జాబితాయే ఆ పని చేసింది. కొన్ని కాలేజీల్లో ఇంగ్లీషు అక్షరక్రమంలో వేస్తారని విన్నాను. అది కొంత నయం. కానీ ఎవరి పక్కన ఎవరు ఉంటే ఇద్దరికీ చదువొస్తుందో అందులోనూ ఎవరూ ఆలోచించరు.

నిబంధనలు కూడా ఈ ఆలోచన చేయమనే అంటున్నాయి. 2019 బ్యాచ్ నుంచి మన దేశంలో ఎంబీబీఎస్‌కి సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక, అంటే విద్యార్థి ఏం చేయగలడన్నది చూసే సిలబస్, వచ్చింది. లెక్చర్లు మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదని, మిగిలిన రెండు వంతులూ ప్రాక్టికల్స్, క్లినిక్స్, గ్రూప్ డిస్కషన్లు లాంటివి ఉండాలని అందులో రాశారు. అంటే కాగితం మీద మా చదువులో పెద్ద భాగం పక్కవాళ్లతో కలిసి చదివేదే. అలాంటప్పుడు ఆ పక్కవాళ్లు ఎవరన్నది సిలబస్‌లో ఒక చాప్టరంత ముఖ్యం. టైంటేబుల్లో 'స్మాల్ గ్రూప్ డిస్కషన్' అని ఉంటుంది. వెళ్తే పాతిక మంది ఉంటారు. ముందు వరసలో నలుగురు మాట్లాడతారు, మిగిలినవాళ్లం లాగ్ బుక్‌లో (చేసిన పనులు రాసుకునే పుస్తకం) సంతకం కోసం నిలబడతాం.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లోనే లెక్చర్లు పక్కనపెట్టి, కొద్దిమంది విద్యార్థుల్ని ఒక ట్యూటర్‌తో కూర్చోబెట్టి, ఒక రోగి సమస్య ముందుపెట్టి చదివించడం మొదలుపెట్టింది. 1970ల చివర్లో అమెరికాలో లారీ మైకెల్‌సన్ అనే అధ్యాపకుడు పెద్ద క్లాసులో ఇబ్బంది పడి, ఐదు నుంచి ఏడుగురి జట్లు చేసి చదువు చెప్పే పద్ధతి తెచ్చాడు. ఆయన చెప్పింది బిజినెస్ పాఠాలే అయినా తర్వాత మెడికల్ కాలేజీలు ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. అందులో మొదటి నియమమే జట్టు గురించి. జట్లు అధ్యాపకుడే వేయాలి, ఎలా వేశాడో అందరికీ తెలియాలి, తెలివితేటలూ అనుభవాలూ అన్ని జట్లకూ సమానంగా పంచాలి. ముందు ఎవరికి వారు చిన్న పరీక్ష రాస్తారు, తర్వాత అదే పరీక్షను జట్టుగా కూర్చుని వాదించుకుని రాస్తారు. దీనికి ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు.

మా కాలేజీలోనే ఒక నెల ఇది జరిగింది. పీడియాట్రిక్స్ (పిల్లల జబ్బుల విభాగం) పోస్టింగ్ సమయంలో అధ్యాపకులు తక్కువై 'ఏ', 'ఎఫ్' బ్యాచుల్ని కలిపేశారు. అప్పుడున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ యాభై మందిని చూసి, "ఇలా కాదమ్మా" అని అప్పటికప్పుడు ఆరుగురేసి గ్రూపులు చేశారు. ప్రతి గ్రూపులో సగం మంది వాళ్లు, సగం మంది మేం.

మూడో రోజు మా గ్రూపుకి ఎనిమిది నెలల బాబు కేసు వచ్చింది. తల్లి బాబును ఒళ్లో పడుకోబెట్టుకుని, "రాత్రి సంది డొక్కలెగరేస్తుండు మేడమ్, పాలు తాగుతలేడు" అంది. నా పక్కనున్న రాజస్థాన్ అబ్బాయి పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. డొక్కలు ఎక్కడుంటాయో అతనికి తెలియదు. నేను బాబు చొక్కా పైకెత్తి చూపించాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతోంది. అతను వెంటనే ఇంగ్లీషులో దాని పేరు చెప్పాడు. ఫోన్‌లో నిమిషం పెట్టి ఊపిర్లు లెక్కపెట్టమన్నాడు. రెండు నెలల లోపు పిల్లలకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, నిమిషానికి అన్ని గానీ అంతకు మించి గానీ ఉంటే వేగం ఎక్కువున్నట్టే అని వేళ్లమీద చెప్పాడు. ఆ అంకెలు నేను రెండుసార్లు చదివి రెండుసార్లు మర్చిపోయాను. ఆ రోజు నుంచి మర్చిపోలేదు. అతనూ డొక్కలెగరేయడం అనే మాట మర్చిపోలేదు. ఆ నెలలోనే మొదటిసారి నేను సార్ ముందు నిలబడి, ఆగకుండా ఒక కేసు ఇంగ్లీషులో ప్రెజెంట్ చేశాను. ముందు రాత్రి అతనే నాతో మూడుసార్లు చెప్పించాడు. నేను అతనికి తెలుగులో నొప్పి పేర్లు నేర్పాను: పోటు, మంట, గుంజుడు, తీపులు, సలుపు. ఒక్కో నొప్పికీ ఒక్కో జబ్బు గుర్తుకొస్తుందని, పుస్తకంలో ఉన్నదంతా ఈ మాటల్లోనే ఉందని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

నెల అయిపోయింది. తర్వాతి పోస్టింగుకి మళ్లీ రోల్ నంబర్ల జాబితా. అతను 'ఏ' కి, నేను 'ఎఫ్' కి.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతుందో చెప్తాను.

1. రోగి చెప్పింది డాక్టరుకి అందదు. ఇది మా హౌస్ సర్జన్సీలోనే జరిగింది. 'ఏ' బ్యాచ్‌లో ఇంకో అబ్బాయి, ఈసీజీ చదవడంలో మా అందరికన్నా దిట్ట, రాత్రి క్యాజువాలిటీలో ఉన్నాడు. అరవై దాటిన అవ్వ, షుగర్ ఉంది. "కడుపుల తిప్పుతాంది బిడ్డా, రెక్క గుంజుతాంది" అంది. కడుపు అనే మాట ఒక్కటే అతనికి తెలుసు. చీటీ మీద గ్యాస్ట్రైటిస్ అని రాసి ఇంజక్షన్ చేయమన్నాడు. నైట్ డ్యూటీ సిస్టర్ ఆగి, "సార్, ఎడమ చెయ్యి లాగుతోందంటోంది, ఈసీజీ తీద్దాం" అంది. తీస్తే గుండెపోటు. అవ్వ బతికింది. ఆ అబ్బాయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాలుగున్నరేళ్లు తెలుగు రోగుల మధ్య తిరిగినా, ఆ ఒక్క నెల తప్ప, పక్కన తెలుగు మాట్లాడే క్లాస్‌మేట్ దాదాపు లేకుండానే అతని చదువు పూర్తయింది. సిస్టర్ లేని రాత్రి ఇంకో అవ్వ వస్తే ఏం జరిగేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

2. మాలాంటివాళ్లం రోగి మాట విని జబ్బు పట్టుకుంటాం కానీ పైవాళ్లకు చెప్పలేకపోతాం. వైవాలో (నోటితో చెప్పే పరీక్ష) నోరు పెగలక సప్లిమెంటరీ రాసినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. కానీ వైవా పోతే కొంత కాలం పోతుంది, అంతే. రేపు మాలో ఒకరు మారుమూల పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంటారు. రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తున్న బాలింతను పెద్దాసుపత్రికి పంపుతూ అక్కడి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తారు. రెండు నిమిషాల్లో వరసగా, గట్టిగా కేసు చెప్పాలి. తడబడితే అవతలివాళ్లు "సరే పంపండి" అని పెట్టేస్తారు. అంబులెన్స్ చేరేసరికి అక్కడ ఏదీ సిద్ధంగా ఉండదు. ఈ మాట్లాడే ధైర్యం పుస్తకంతో రాదు. తోటివాళ్ల ముందు పదిసార్లు తప్పు చెప్పి పదకొండోసారి సరిగ్గా చెప్తేనే వస్తుంది. అందరమూ ఒకేలా భయపడే బ్యాచ్‌లో ఎవరు ఎవరికి నేర్పాలి?

3. మంచం మీద ఉన్న మనిషి ఇబ్బంది ఎవరికీ పట్టదు. ఒకసారి సర్జరీ వార్డులో కాలేయం పెరిగిన ఒక పెద్దాయన పొట్టను మేం పదకొండు మందిమి వరసగా నొక్కాం. పన్నెండో అమ్మాయి ముందుకొస్తే ఆయన చొక్కా కిందికి లాక్కుని గోడవైపు తిరిగాడు. ఆరుగురుంటే ఇద్దరు పరీక్షించి మిగిలినవాళ్లు చర్చించేవాళ్లం. గైనిక్ వార్డులో ఇంకో తీరు. మా బ్యాచ్‌లో అబ్బాయిలే ఎక్కువ, వాళ్లు గుంపుగా వెనక నిలబడేవాళ్లు. ముందుకు రమ్మని ఎవరూ అనేవాళ్లు కాదు. కాన్పు దగ్గర నుంచి చూడకుండానే పోస్టింగ్ ముగించినవాళ్లు ఉన్నారు. రేపు పీహెచ్‌సీలో వాళ్లే ఒంటరిగా ఉండొచ్చు.

4. ఆస్పత్రిలో పనంతా కలిసి చేసేదే. తనకు తెలియనిది పక్కవాణ్ని అడగడం సిగ్గు కాదని కాలేజీలో నేర్చుకోకపోతే తర్వాత నేర్పేవాళ్లు ఉండరు.

"అయితే మీ ఇష్టమొచ్చినట్టు గ్రూపులు మీరే చేసుకోండి" అని కొందరు అంటారు. అదీ వద్దు. మేమే చేసుకుంటే ఒకే కోచింగ్ నుంచి వచ్చినవాళ్లు, ఒకే ఊరివాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే రూమ్‌వాళ్లు కూడిపోతాం. ఎవరికీ చెందనివాళ్లు ఆఖర్న మిగిలిపోతారు. అలా మిగిలిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది పెద్దవాళ్లుగా మీరు చేయాల్సిన పని.

ఇప్పుడే చేయాల్సిన అవసరం కూడా ఉంది. 2014లో దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 51 వేల పైచిలుకు ఉండేవి, ఇప్పుడు లక్ష దాటాయి. తెలంగాణలో 2022 నవంబరులో ఒకే రోజు ఎనిమిది, 2023 సెప్టెంబరులో ఒకే రోజు తొమ్మిది ప్రభుత్వ కాలేజీలు తెరిచారు. అదే 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలు మొదలయ్యాయి. కొత్త కాలేజీలో క్లర్కు మొదటి ఏడాది ఎలా జాబితా టైపు చేస్తే అదే అలవాటుగా నిలిచిపోతుంది. ఆ అలవాటు పాతుకుపోకముందే సరిచేయండి.

మా కోరికలు ఇవి.

1. రోల్ నంబరు, ర్యాంకు, కోటా, చేరిన తేదీ ఆధారంగా బ్యాచులు వేయడం ఆపండి. మాతృభాష, చదివిన మీడియం, అబ్బాయి అమ్మాయి, ఈ మూడూ చూసి కలిపి వేయండి. అటెండెన్స్ రోల్ నంబర్లతోనే తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. కంప్యూటర్‌లో ఒక కాలమ్ అదనంగా పెడితే సరిపోతుంది. ఎలా వేశారో పద్ధతి నోటీసు బోర్డులో పెట్టండి. ఎవరి వివరాలూ మాత్రం పెట్టకండి.

2. కలపడం అంటే ఒక్కొక్కరినీ విసిరేయడం కాదు. ఐదుగురు అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని, ఐదుగురు కార్పొరేట్ కాలేజీ పిల్లల మధ్య ఒక్క గూడెం పిల్లను వేస్తే ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. కనీసం ఇద్దరు తోడుండేలా వేయండి. ఇది మా కళ్లతో చూసి చెప్తున్న మాట.

3. మంచం దగ్గర, డిస్కషన్‌లో ఆరు నుంచి ఎనిమిది మందికి మించకూడదు. అధ్యాపకులు చాలరని మాకు తెలుసు. పాతిక మందిని నాలుగు గ్రూపులు చేసి ఒక్కో గ్రూపుకి ఒక పీజీనో, సీనియర్ రెసిడెంట్‌నో, హౌస్ సర్జన్‌నో కూర్చోబెట్టండి, అధ్యాపకులు నాలుగింటి మధ్య తిరగొచ్చు. హౌస్ సర్జన్లలో వారానికి రెండు గంటలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు. మొదటి పేరు నాది రాసుకోండి.

4. వారం వారం మార్చకండి, నాలుగున్నరేళ్లూ ఒకటే ఉంచకండి. ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరడానికి టైం పడుతుంది. ప్రతి ప్రొఫెషనల్ ఇయర్ (ఎంబీబీఎస్‌లో ఒక్కో దశ) మొదట్లో ఒకసారి కలిపి వేస్తే చాలు.

5. వేరే రాష్ట్రాల పిల్లలకి తెలుగు, మాకు ఇంగ్లీషు నేర్పే పని గట్టిగా చేయండి. ఎంబీబీఎస్ మొదట్లో పెట్టే ఫౌండేషన్ కోర్సులో 2019 లెక్క ప్రకారం 175 గంటలుంటే అందులో భాష, కంప్యూటర్ నైపుణ్యాలకి 40 గంటలు కేటాయించారు. మా దగ్గర అవి హాల్లో అందరికీ కలిపి పెట్టిన లెక్చర్లయ్యాయి. వాటి బదులు ఇద్దరిద్దరిని జత చేసి వార్డుకి పంపండి. ఒకరు రోగితో తెలుగులో మాట్లాడాలి, రెండోవాళ్లు ఇంగ్లీషులో రాయాలి, మర్నాడు మార్చుకోవాలి. ఇంటర్నల్స్‌లో రోగి భాషలో హిస్టరీ తీయడానికి, అంటే జబ్బు వివరాలు అడిగి తెలుసుకోవడానికి, మార్కులు పెట్టండి.

6. గ్రూపులో ఒకరు చదివి ఐదుగురు సంతకం పెట్టించుకోవడం జరుగుతుంది, దాచను. అందుకే డిస్కషన్‌కి ముందు ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష ఎవరిది వాళ్లు రాయాలి. చివర్లో అధ్యాపకులు తమకు నచ్చినవాళ్లని లేపి అడగాలి. తెలివైనవాళ్లే నోరు విప్పే పద్ధతి అలా పోతుంది.

7. కరికులమ్ కమిటీ సమావేశానికి ప్రతి ఇయర్ నుంచి ఇద్దరు విద్యార్థుల్ని పిలవండి. గ్రూపులో ఎవరికైనా అవమానం జరిగితే చెప్పుకోవడానికి ఒక అధ్యాపకురాలి పేరు ముందే ప్రకటించండి. మేం రాసిచ్చిన కాగితానికి నెలలోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి.

వచ్చే బ్యాచ్ మొదటిసారి డిసెక్షన్ హాల్లోకి అడుగుపెట్టేలోపు కనీసం మొదటి, మూడో కోరికల మీద నిర్ణయం ప్రకటించాలని కోరుతున్నాం. 150 మందికి పాతికేసి బ్యాచులు, వాటి లోపల ఆరేడుగురి గ్రూపులు ఎలా వేయాలో మేం నలుగురం కూర్చుని ఒక నమూనా తయారు చేశాం. పేర్లు లేకుండా, ఒకే పేజీలో ఉంది. ఏ కాలేజీ అడిగినా ఇస్తాం.

ఇట్లు,
'ఎఫ్' బ్యాచ్‌లో చదివిన ఒక హౌస్ సర్జన్